శ్యామసుందరి అడిగిన రెండో ప్రశ్న

ఇప్పుడు మా హారిసన్‌లో ట్రామ్ దిగితే చాలు, నలుగురిలో ఒకరు తెలుగులో పలకరిస్తారు. పంతులమ్మగా రిటైరై నేను కాన్‌బెర్రా వచ్చిన 1998లో హారిసన్ అనే పేటే లేదు. అక్కడ గొర్రెలు మేసేవి. గంగాలిన్ వైపు అప్పటికి పామర్‌స్టనే కొత్త, అందులో మా అమ్మాయి వాళ్ళది చివరి వీధి. ఆ వీధి దాటితే గడ్డి, కంచె, సాయంత్రమైతే కంచె అవతల కూర్చుని మనకేసి వింతగా చూసే కంగారూలు. ఆ వీధిలో మా ఎదురింట్లో ఉండేది శ్యామసుందరి. అందరూ కెనడా ఆంటీ అనేవాళ్ళు. ఆమె సంగతి ఎప్పట్నుంచో రాయాలని ఉంది. రాస్తానంటే "నా గురించి రాయడానికేముందండీ టీచరుగారూ, సాంబారు పొడి తప్ప" అనేది. సరే, ఆ సాంబారు పొడితోనే మొదలుపెడతాను.

నేను వచ్చిన మూడోరోజు ఆమె ఒక సీసాడు సాంబారు పొడి పట్టుకొచ్చి ఇచ్చింది. దాంతోపాటు, ఎన్ని ధనియాలు, ఎన్ని మిరపకాయలు అని రాసిన పొడుగాటి అట్టముక్క. ఆ అట్ట నిండా చిన్న చిన్న చిల్లులు.

"ఇదేమిటమ్మా, ఎలుకలు కొట్టాయా?" అన్నాను.

ఆమె పడీ పడీ నవ్వింది. "ఎలుకలు కాదండీ, నేనే కొట్టాను. అవి అక్షరాలు. పాతికేళ్ళ కిందట కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా ఇలా అట్టల మీద చిల్లులు పొడిచి చెప్పేవాళ్ళం. విన్నిపెగ్ నుంచి రెండు చెప్పుల పెట్టెల నిండా తెచ్చుకున్నాను. వెనకవైపు ఖాళీయే కదా, సరుకుల చీటీలకి పనికొస్తున్నాయి."

రేపల్లె పిల్ల. గుంటూరులో లెక్కలతో బీఎస్సీ చదివింది. 1971లో కేశవరావుగారితో పెళ్ళి. ఆయన గోధుమకి పట్టే కుంకుమ తెగులు మీద పరిశోధన చేస్తూ కెనడాలో విన్నిపెగ్‌లో ఉండేవారు. జనవరిలో దిగిందిట ఈవిడ, పట్టుచీర మీద ఆయన పాత కోటు వేసుకుని. కనురెప్పల మీద కన్నీళ్ళు గడ్డకట్టేంత చలి. నాలుగు నెలలు కిటికీలోంచి మంచు చూసి చూసి, ఇక లాభం లేదని ఒక బీమా కంపెనీలో అట్టలకి చిల్లులు కొట్టే పనిలో చేరింది.

అక్కడ ఈమె పై అధికారి పేరు ఓల్గా. ఆమె కథ చెప్పకుండా శ్యామసుందరి కథ చెప్పలేం. పల్లెటూరి రైతుల బిడ్డ, తల్లిదండ్రులు ఉక్రెయిన్ నుంచి వలసొచ్చి ఆ మంచులో గోధుమ పండించారు. ఆ కంపెనీలో ప్రోగ్రాములు రాసిన మొదటి ఆడమనిషి. కడుపుతో ఉందని తెలియగానే, ఇక ఇంటికెళ్ళమన్నారుట. వెళ్ళింది. ఆరేళ్ళ తరవాత తిరిగొస్తే ఆమె రాసిన ప్రోగ్రాములే ఇంకా నడుస్తున్నాయి, వాటిని బాగుచేయడం మాత్రం ఎవరికీ రాదు. మళ్ళీ తీసుకున్నారు, కింది మెట్టు నుంచి. ఆ ఓల్గా మన పిల్ల లెక్కల బుర్ర చూసి మధ్యాహ్నం భోజనాల వేళ పక్కన కూర్చోబెట్టుకుని కోబాల్ నేర్పింది. కోబాల్ అంటే ఆ కాలపు కంప్యూటర్లకి అర్థమయ్యే భాష. ఏడాది తిరిగేసరికి శ్యామసుందరి ప్రోగ్రామర్.

"ఓల్గా ఒక్కటే మాట చెప్పేదండీ. నీ కళ్ళతో చూడని దానికింద నీ పేరు పెట్టకు అని. వాళ్ళ నాన్న చదువు రాక ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి సగం పొలం పోగొట్టుకున్నాడట."

పన్నెండేళ్ళు హాయిగా గడిచాయి. 1984లో కేశవరావుగారికి కాన్‌బెర్రాలో గోధుమల ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లలు, నాలుగు పెట్టెలు, రెండు చెప్పుల పెట్టెల అట్టలు తీసుకుని వచ్చేశారు. ఇక్కడ ఈమె ఏ ఆఫీసుకి వెళ్ళినా ఒకటే ప్రశ్న: లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా? ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! ఏడాదిన్నర తిరిగి, పిల్లల బడి కాంటీన్‌లో కుదురుకుంది. ఉల్లిపాయ కూడా తినని రోజులుండే మనిషి, పదమూడేళ్ళు మాంసం కూరిన పైలనే రొట్టెలు వేడిచేసి పిల్లలకి అందించింది. ఏ పిల్లకి ఏది పడదో, ఏ పిల్లాడు డబ్బు మర్చిపోయొచ్చాడో అన్నీ ఆమెకి తెలుసు.

నేను వచ్చిన ఏడాదే వాళ్ళింటి వెనక గదిలోకి అజ్మత్ అద్దెకి దిగాడు. కర్నూలు కుర్రాడు. బోటనీ చదివి, అమీర్‌పేటలో ఆరు వారాల్లో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కేశాడు. అప్పుడదొక జాతర. పాత కంప్యూటర్లలో చోటు కలిసొస్తుందని సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారు. తొంభై తొమ్మిది తరవాత సున్నా సున్నా వస్తే అది రెండువేలో, పంతొమ్మిది వందలో యంత్రానికి తెలియదు. అది సరిచేయడానికి ఊరూరి నుంచీ మనవాళ్ళని రప్పించుకున్నారు.

ఒక ఆదివారం అజ్మత్ వంటింటి బల్లమీద ప్రోగ్రాము కాగితాలు పరుచుకుని జుట్టు పీక్కుంటున్నాడు. శ్యామసుందరి అతని ముందు పెసరట్టు పెడుతూ ఒకసారి చూసి, వేలితో చూపించింది.

"ఇక్కడ ఫుల్‌స్టాప్ ఏదోయ్?"

"ఏ ఫుల్‌స్టాప్ ఆంటీ?"

"ఈ లైను చివర ఉండాలి. అది లేకపోతే కిందదీ ఇందులో భాగమే అనుకుంటుంది యంత్రం. రెండ్రోజుల్నించీ దీనికేనా ఆ మొహం?"

అజ్మత్ పెసరట్టు వదిలేసి లేచి నిలబడ్డాడుట. "యా అల్లా! ఆంటీ, మీకు కోబాల్ వస్తుందా?"

"నువ్వు పుట్టేనాటికే వచ్చు. కూచుని తిను, చల్లారిపోతుంది."

మర్నాడు ఆమె వివరాలన్నీ అతనే టైపు చేసి ఆఫీసులో ఇచ్చాడు. పాత రైల్వే ఉద్యోగులకీ, వాళ్ళ భార్యలకీ, పిల్లలకీ పెన్షన్లు పంపే సంస్థ అది. వాళ్ళకి మనుషులు దొరక్క అల్లాడుతున్నారు. జనవరి నుంచి మూడు నెలలు పని చేయమన్నారు. మార్చి ఆఖరి శుక్రవారం నాడు, ఉంచుకోవాలో పంపేయాలో చెప్తామన్నారు.

నలభై తొమ్మిదేళ్ళ వయసులో బస్సెక్కి ఆఫీసుకి బయల్దేరింది. మొదటిరోజు ఆ నడక చూడాలి! చేతిలో పెరుగన్నం డబ్బా, భుజాన కొత్త సంచీ, పదో క్లాసు పిల్లలా ఉంది. నేను గుమ్మంలోంచి చెయ్యూపాను.

"టీచరుగారూ, ఇది పోతే మళ్ళీ ఎవరూ పిలవరు. ఈసారి నిలబెట్టుకోవాలండీ" అంది.

ఆమె వంతుకి వచ్చింది పుట్టిన తేదీలు. ఆఫీసు వాళ్ళు ముందే ఒక సూత్రం పెట్టుకున్నారు. రెండంకెలు ముప్ఫై కంటే తక్కువైతే ముందు ఇరవై చేర్చాలి, లేకపోతే పంతొమ్మిది చేర్చాలి. అంటే సున్నా ఐదు రెండువేల ఐదవుతుంది, నలభై రెండు పంతొమ్మిది వందల నలభై రెండవుతుంది. ప్రోగ్రాములన్నిటికీ అదే సూత్రం. ఆమె రాసింది, కుర్రాళ్ళు పరీక్షించారు. నూటికి నూరూ పాసయ్యాయి. ఇక సోమవారం కాగితం మీద ఆమె సంతకం పెడితే అయిపోతుంది.

"మరి సంతోషించక ఆ మొహమేమిటి?" అన్నాను శుక్రవారం సాయంత్రం.

"ఒక్కటీ తప్పకుండా అన్నీ పాసయితే ఓల్గా నమ్మేది కాదండీ. ఏదో నేను చూడలేదనిపిస్తోంది. అదేమిటో తట్టడం లేదు."

మర్నాడు శనివారం మా ఉగాది. అసలు పండగ గురువారమే వెళ్ళిపోయింది, కానీ ఇక్కడ పండగలన్నీ శనివారాలకి వస్తాయి. స్కౌట్ హాలు తీసుకున్నాం. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ తరుగు వేశాం. పంచాంగం చదివే పని నాది. ఆ ఏడు పేరు ప్రమాది. చదవడం అయ్యాక, డెబ్భై దాటిన పెద్దలకి శాలువాలు కప్పాలని పేర్లూ వయసులూ రాయడానికి కూర్చున్నాం. నా పక్కన సంవత్సరాల పేర్ల పట్టిక పట్టుకుని పదహారేళ్ళ అనన్య. ముందు వరసలో వాళ్ళ అమ్మమ్మ శారదాంబగారు. భీమవరం మనిషి, మోకాళ్ళు పట్టేసినా నోరు మాత్రం పట్టెయ్యలేదు.

"ఏ సంవత్సరంలో పుట్టారండీ?" అన్నాను.

"దుందుభి."

అనన్య పట్టికలో వెతికింది. "దుందుభి... నైన్టీన్ ఎయిటీ టూ! అమ్మమ్మా, దట్స్ మై ఇయర్! నీకూ సిక్స్‌టీన్ ఇయర్సేనా?"

హాలంతా నవ్వులు. శారదాంబగారు కూడా నవ్వి, మనవరాలి చెవి పట్టుకున్నారు.

"ఒసే వెర్రిదానా, అరవై ఏళ్ళకొకసారి అదే పేరు మళ్ళీ వస్తుందే. ఒక్క ప్రశ్నతో ఆపేస్తే ఎట్లా? మా ఊళ్ళో అయితే రెండో ప్రశ్న కూడా అడుగుతారు. యుద్ధం మొదలయ్యేనాటికి నీకు పెళ్ళయిందా అని. అప్పటికి మీ పెద్దమామయ్య నా చంకలో ఉన్నాడు. ఇప్పుడు చెప్పు, నాదే దుందుభి?"

పులిహోర పళ్ళెం పట్టుకుని అటుగా వెళుతున్న శ్యామసుందరి టక్కున ఆగిపోయింది. పళ్ళెం నా కాగితాల మీదే పెట్టేసింది.

"శారదాంబగారూ, మీరు పుట్టింది ఇరవై రెండులోనా?"

"అంతే కదుటే మరి."

"అయ్యో! అయితే మీరింకా పుట్టలేదండీ! మా ప్రోగ్రాము లెక్కన మీరు రెండువేల ఇరవై రెండులో పుడతారు!"

ఆవిడ మోకాళ్ళు నిమురుకున్నారు. "మంచిదే కదే. ఈసారి మోకాళ్ళు బాగుండేట్టు చూసుకుని పుడతాను."

శ్యామసుందరి నవ్వలేదు. హాల్లో అటు మూల ప్లేట్లు సర్దుతున్న అజ్మత్ దగ్గరికి గబగబా వెళ్ళింది. "పరీక్షకి పెట్టిన ఆ పేర్లూ పుట్టిన సంవత్సరాలూ మీకెక్కడివోయ్?"

"మేమే రాసుకున్నాం ఆంటీ. పెన్షనర్లు కదా, అందరం మా డాడీల ఇయర్ వేసేసినాం. మా డాడీది నలభై ఒకటి, వాడిది ముప్ఫై ఎనిమిది..."

"ఒక్కరైనా మీ నానీని, అదే అమ్మమ్మని, పెట్టలేదూ?"

అజ్మత్ మొహం తెల్లబోయింది. ఎవరూ పెట్టలేదు. పెన్షన్ అంటే వాళ్ళకి నాన్నలే గుర్తొచ్చారు. డెబ్భై దాటినవాళ్ళందరూ పరీక్షకి అవతలే ఉండిపోయారు. రైల్వేవాళ్ళు ఎప్పుడో పోగా మిగిలిన వాళ్ళ భార్యలే అందులో ఎక్కువ. వాళ్ళెవరూ ఇంకా పుట్టలేదని యంత్రం అనుకుందంటే, జనవరి నుంచి పెన్షన్ ఆగిపోతుంది.

ఇక్కడి నుంచి జరిగింది అజ్మత్ మా ఇంట్లో కుర్చీ మీద కూర్చుని నటించి చూపించినదే. సోమవారం ఆమె తన పై అధికారి గ్రెగ్‌తో, సంతకం పెట్టనంది. గ్రెగ్ చెడ్డవాడు కాదు, పైవాళ్ళకి పని అయిపోయిందని అప్పటికే చెప్పేసినవాడు. ఆ సూత్రం కాగితం మీద నిర్ణయించిందీ అతనే.

"నూరు శాతం పాసయింది. నీ పని సంతకం. అది పెట్టనివాళ్ళ గురించి శుక్రవారం మీటింగులో నేనేం మాట్లాడను?" అన్నాడు.

"ఇంకొక్క పరీక్ష చేయనివ్వండి" అంది ఈమె.

"యంత్రం ఈ వారమంతా బుక్కయిపోయింది. వచ్చే నెల చూద్దాం. ముందు సంతకం పెట్టు."

వచ్చే నెలకి తను అక్కడ ఉంటేగా! అయినా పెట్టలేదు.

ఆ సాయంత్రం మా వరండాలో కూర్చుంది. కేశవరావుగారు కూడా వచ్చారు, పాపం, మెల్లిగా అన్నారు. "సుందరీ, సంతకం పెట్టేసి, తరవాత నిదానంగా చెప్పొచ్చుగా. పద్నాలుగేళ్ళు ఎదురుచూశావు."

"మీ గోధుమకి తెగులుందని తెలిసి కూడా బాగుందని రాసిస్తారా?"

ఆయన లేచెళ్ళి అందరికీ కాఫీ కలిపి తెచ్చారు. ఆయన కాఫీ తాగడం కూడా ఒక పరీక్షే అనుకోండి.

మంగళవారం ఆమె బడి కాంటీన్‌కి ఫోన్ చేసి, తన చోట్లో ఎవరినైనా తీసుకున్నారా అని అడిగింది. తీసుకోలేదుట. మీ ఏప్రన్ ఇంకా కొక్కేనికే ఉంది అన్నారుట. ఆ మాట నాతో చెప్తూ నవ్వింది గానీ, కళ్ళు నవ్వలేదు. బుధవారం గ్రెగ్ ఆమె వైపు చూడలేదు. కొత్త పనేమీ ఇవ్వలేదు. ఖాళీగా కూర్చోబెట్టడం కంటే అవమానం ఇంకేముంటుంది!

ఆ బుధవారమే అజ్మత్ ఒక పని చేశాడు. గురువారం మధ్యాహ్నం రెండు గంటలు యంత్రం అతని పేరున ఉంది. ఆ సమయం ఆమెకిచ్చేశాడు.

"నీ పని ఆగిపోతుంది. నిన్ను తిడతారోయ్" అంది.

"తిట్టనీ ఆంటీ. మా నానీది పందొమ్మిదివందల పద్దెనిమిది. మీరు అడిగినప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు."

గురువారం ఆమె చెప్పుల పెట్టెలోంచి ఒక పాత అట్ట తీసి, దాని వెనక శారదాంబగారి వివరాలు రాసి పట్టుకెళ్ళింది. పేరు శారదాంబ. పుట్టింది ఇరవై రెండు. భర్త పోయింది అరవై ఒకటి. పెన్షన్ జాబితాలో చేరింది అరవై ఒకటి. శారదాంబగారికి ఆ రైల్వేతో ఏ సంబంధమూ లేదు, పరీక్ష కోసం ఆవిడని రైల్వే డ్రైవరు భార్యని చేసేసింది. యంత్రంలో తేదీ జనవరి రెండువేలుగా మార్చి ప్రోగ్రాము నడిపింది. ప్రింటరు గరగరలాడి ఒక కాగితం కక్కింది.

శారదాంబ. వయసు: మైనస్ ఇరవై రెండు. అర్హత లేదు. పెన్షన్ నిలుపు.

అజ్మత్ ఆ కాగితం తీసుకెళ్ళి గ్రెగ్ బల్ల మీద పెట్టాడు. గ్రెగ్ చదివాడు. మళ్ళీ చదివాడు. అసలు జాబితాలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తీయమన్నాడు. మూడు వేల పైచిలుకు.

"ఎవరీ శారదాంబ?" అన్నాడు.

"మా అమ్మమ్మలాంటావిడ. మీకూ ఉండే ఉంటుంది" అంది శ్యామసుందరి.

"మా నాన్ డబ్బో అనే ఊళ్ళో ఉంటుంది. తొంభై ఒక్కేళ్ళు. తాత రైల్వేలో గార్డు" అన్నాడు గ్రెగ్. అంటే, ఆ జాబితాలో వాళ్ళ నాయనమ్మ కూడా ఉందన్నమాట. అతను లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు, రెండు కప్పులు. ఆ ఆఫీసులో ఈమెకి ఎవరైనా టీ తెచ్చివ్వడం అదే మొదలు.

"అయితే పుట్టిన తేదీలన్నిటికీ పంతొమ్మిదే చేర్చేద్దామా?" అన్నాడు.

"మరి వచ్చే ఏడు పుట్టే పిల్లల్ని ఏం చేస్తారు? తండ్రి పోయిన పిల్లలకీ మనమే ఇస్తాం కదా. వాళ్ళు పుట్టగానే నూరేళ్ళ ముసలివాళ్ళయిపోతారు."

"మరెలా?"

"రెండో ప్రశ్న అడగాలి. ఈ మనిషి మన జాబితాలోకి ఏ సంవత్సరం వచ్చింది అని. మన జాబితా మొదలైందే యాభైలో. కాబట్టి అరవై ఒకటి అంటే అది పంతొమ్మిది వందల అరవై ఒకటే, సందేహం లేదు. పుట్టకముందే జాబితాలోకి ఎవరూ రారు కదా!"

శుక్రవారం మీటింగులో గ్రెగ్, సూత్రం తప్పు తనదేనని చెప్పి, రెండో ప్రశ్న ఎవరిదో కూడా చెప్పాడుట. సాయంత్రం బస్సు దిగి ఈమె నడిచి రావడం నేను కిటికీలోంచి చూశాను. మా గుమ్మం ముందు ఆగి, చేయి ఎత్తి, పెరుగన్నం డబ్బా గలగలా ఊపింది. నాకు అర్థమైపోయింది. పరుగెత్తుకెళ్ళి కావిలించుకున్నాను. కంగారూలు చూస్తే చూడనీ అనుకున్నాను!

ఆ ఏడంతా ఆ పనే. డిసెంబరులో జనం బియ్యం, నీళ్ళ డబ్బాలు, కొవ్వొత్తులు కొని దాచుకున్నారు. జనవరి వచ్చింది. ఏమీ కాలేదు. దీపాలు వెలిగాయి, కొళాయిల్లో నీళ్ళొచ్చాయి. ఇదంతా ఉత్త గోల, కోట్లు తగలేశారు అని పేపర్లలో రాశారు. కేశవరావుగారు ఆ పేపరు చదివి వినిపిస్తే శ్యామసుందరికి కోపం కూడా రాలేదు. ఆమె గురువారం కోసం ఎదురుచూస్తోంది. కొత్త సంవత్సరంలో మొదటి పెన్షన్లు వెళ్ళేది ఆ రోజే.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి తిన్నగా శారదాంబగారింటికి వెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. ఆవిడ కుర్చీలో కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"అందరికీ వెళ్ళాయండీ. ఒక్కరికీ ఆగలేదు. గ్రెగ్ వాళ్ళ నాయనమ్మ డబ్బో నుంచి ఫోన్ కూడా చేసింది. మీకు కంప్యూటర్లో డెబ్భై ఎనిమిదేళ్ళు, మీరు పుట్టారని అదీ ఒప్పుకుంది" అంది శ్యామసుందరి. సంచీలోంచి ఆ చిల్లుల అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇదండీ మీరు. ఏ ప్రోగ్రాము మార్చినా ముందు మీ పేరు పెట్టి చూస్తున్నారు కుర్రాళ్ళు. శారదాంబగారు బాగున్నారా అని అడిగి కానీ ముందుకెళ్ళడం లేదు."

ఆవిడ అట్టని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి ఎత్తి పట్టి, చిల్లుల్లోంచి మా ఇద్దరినీ చూశారు.

"అయితే నన్ను పట్టుకెళ్ళి ఆఫీసులో మగాళ్ళందరి మధ్యా కూచోబెట్టావన్నమాట. ముందు చెప్పొద్దుటే? ఏ చీర కట్టి పెట్టావు?"

"బచ్చలిపండు రంగు వెంకటగిరి" అంది శ్యామసుందరి, తడుముకోకుండా.

"ఆఁ, పర్లేదు" అని ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నారు. శ్యామసుందరి కొత్త సంచీ పక్కన పెట్టి, చాప మీద కూర్చుని, తనూ ఒక గుప్పెడు తీసుకుంది.